పరిణామ సిద్ధాంతం ఒప్పుకుంటే విశ్వాసం వదిలేసినట్టేనా?

రాజోలు దగ్గర ఒక ఊరి నుంచి బీఎస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి అడిగింది: "మా నాన్నగారు పాస్టరు. పరిణామ సిద్ధాంతం సాతాను బోధ అంటారు. క్లాసులో మా సారు ఆదికాండము కట్టుకథ అన్నారు. రెండూ నమ్మేవాళ్ళు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టే అని నవ్వారు. నాకు దేవుడు కావాలి, నా సబ్జెక్టూ కావాలి. రెండూ కుదురుతాయా? కుదరకపోతే ఇప్పుడే చెప్పేయండి, ఈ టెన్షన్ భరించలేకపోతున్నాను."

కుదురుతాయమ్మా. అయితే ఊరికే కుదరవు. ఆదికాండము మొదటి అధ్యాయాలను సండే స్కూల్లో చదివిన పద్ధతి కొంత వదులుకోవాలి. ఆదాము గురించి మళ్ళీ ఆలోచించుకోవాలి. "ఏమీ వదులుకోనక్కర్లేదు, బైబిల్లో పరిణామం ముందే రాసి ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకు. "భూమి పుట్టించుగాక" అన్న మాట పట్టుకుని చూశారా డార్విన్ అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు నీ సబ్జెక్టుకీ న్యాయం చెయ్యరు, వాక్యానికీ చెయ్యరు. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, మా లూథరన్ సంఘంలో పెద్దను. ఈ ప్రశ్న పిల్లలు క్లాసులో అడగరు, క్లాసయ్యాక వరండాలో అటూ ఇటూ చూసి అడుగుతారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు సైన్సు ఎంత గట్టిదో చూడాలి. సిద్ధాంతమే బలహీనమైతే ఈ బాధంతా అక్కర్లేదు కదా. వరి పండించే ఇంటివాళ్ళకు సుడిదోమ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో పిచికారీ చేస్తే దోమ రాలిపోయేది. ఆ మందును విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా ఉన్న కొద్ది పురుగులు బతికాయి, వాటి పిల్లలతోనే మళ్ళీ చేను నిండింది. కొన్నేళ్ళకు అదే మందు అదే మోతాదులో పనిచెయ్యడం మానేసింది. మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ళు దోమను తట్టుకునే వరి రకాలు తీస్తూనే ఉండాల్సి వచ్చేది అందుకే. ప్రకృతి వరణం అంటే ఇదే. దీన్ని మన పాస్టర్లు కూడా పెద్దగా కాదనరు. "దోమ దోమగానే ఉంది కదా, ఇంకో జీవి కాలేదు కదా" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పొలంలో దొరకదు, రాళ్ళలోనూ మన కణాల్లోనూ దొరుకుతుంది.

రాళ్ళ కోసం దూరం పోనక్కర్లేదు. దేవరపల్లి దగ్గర గౌరీపట్నం ఉంది. నిర్మలగిరి మేరీమాత పుణ్యక్షేత్రం ఉన్న ఊరు కాబట్టి మన జిల్లాల క్రైస్తవులకు బాగా తెలుసు. ఆ చుట్టుపక్కల నల్లరాతి క్వారీల్లో, దుద్దుకూరులో, రాజమండ్రి పక్కనున్న కాతేరులో గడ్డకట్టిన లావా పొరల మధ్య సున్నపురాయి, బంకమట్టి పొర ఒకటి కనిపిస్తుంది. అందులో ఆల్చిప్పలు, నత్తగుల్లలు, సూక్ష్మదర్శినిలో తప్ప కనబడని ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు ఉంటాయి. సముద్రం అక్కడిదాకా ఉండేదన్నమాట. ఆ లావా దక్కను నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. రాతిలోని పొటాషియం ఆర్గాన్‌గా మారే వేగాన్ని బట్టి దాని వయసు సుమారు 6.5 కోట్ల సంవత్సరాలు. డైనోసార్లు అంతరించిన కాలం అది. ఇలాంటి చిన్న గుల్లల వరుస చూసే చమురు బావి తవ్వేవాళ్ళు ఇప్పుడు ఏ కాలపు పొరలో ఉన్నామో పోల్చుకుంటారు. ఆ వరుస తప్పయితే కేజీ బేసిన్‌లో అంత డబ్బు పోసి ఎవరూ దాన్ని నమ్ముకోరు.

తమాషా ఏమిటంటే మన కోనసీమ నేల మాత్రం నిజంగానే వయసులో చిన్నది. గోదావరి తెచ్చిన ఒండ్రుతో గత కొన్ని వేల ఏళ్ళలోనే ఈ డెల్టా సముద్రంలోకి పెరిగింది. భూమి వయసు ఆరు వేల ఏళ్ళే అనేవాళ్ళు రాజోలు దాటి చూడకపోతే వాళ్ళను పెద్దగా తప్పుపట్టలేం.

ఇక కణాల సాక్ష్యం. మేక తనకు కావలసిన విటమిన్ సి తనే తయారు చేసుకుంటుంది. ఎలుక కూడా అంతే. మనం చేసుకోలేం, అందుకే ఉసిరికాయో నిమ్మకాయో తినాలి. ఆ విటమిన్ తయారీలో ఆఖరి మెట్టుకు కావలసిన జన్యువు మనలో లేకుండా పోలేదు, పాడైపోయిన స్థితిలో ఇంకా ఉంది. చింపాంజీలోనూ, మన గుళ్ళ దగ్గర తిరిగే కోతిలోనూ అది పాడైపోయే ఉంది, పాడైన తీరు కూడా చాలావరకు కలుస్తుంది. గినీ పందిలో కూడా పాడైంది కానీ అక్కడ విరిగిన తీరు వేరు. ఒకే సృష్టికర్త ఒకే డిజైను మళ్ళీ మళ్ళీ వాడాడు అంటే పనిచేసే జన్యువుల విషయంలో కొంత నప్పుతుంది. పనిచెయ్యని జన్యువును అదే తప్పులతో ఇన్ని జీవుల్లో పెట్టాడు అనడం నాకైతే దేవుణ్ణి పొగిడినట్టు అనిపించదు. ఉమ్మడి పూర్వికుల నుంచి వారసత్వంగా వచ్చింది అనుకుంటే చిక్కు లేదు. మనం ఇప్పటి కోతుల నుంచి పుట్టామని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. వాటికీ మనకూ ఎప్పుడో ఉమ్మడి తాత ముత్తాతలు ఉన్నారు అంటుంది, అంతే.

ఇప్పుడు విశ్వాసం వైపు వద్దాం. సృష్టి ఆరు ఇరవైనాలుగు గంటల రోజుల్లో జరిగిందని నమ్మడమే అపొస్తలుల నాటి నుంచి క్రైస్తవులందరి విశ్వాసం అని, డార్విన్ వచ్చాక చదువుకున్నవాళ్ళు రాజీపడ్డారని మీ ఇంట్లో అనుకుంటూ ఉండవచ్చు. చరిత్ర అలా లేదు. మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ అనే సంఘ పండితుడు అడిగాడు, సూర్యచంద్రులు నాలుగో దినాన కలిగితే మొదటి మూడు దినాలకు ఉదయం, అస్తమయం ఎక్కడివని. ఐదో శతాబ్దం మొదట్లో అగస్టీన్ అనే బిషప్పు ఆదికాండముపై వ్యాఖ్యానం రాస్తూ ఒక హెచ్చరిక చేశాడు. భూమి గురించీ నక్షత్రాల గురించీ అవిశ్వాసులు రుజువులతో తెలుసుకున్న విషయాలపై క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి అవకతవకగా మాట్లాడితే, ఇక పునరుత్థానం గురించి అతని మాట వాళ్ళెందుకు నమ్ముతారు అన్నాడు. డార్విన్‌కు ఇంచుమించు 1450 ఏళ్ళ ముందు మాట ఇది. ఆయన్ని సైన్సు భయపెట్టి ఒప్పించిందని ఎవరూ అనలేరు.

మన ప్రాంతం సంగతే చూడు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం చుట్టూ పని మొదలుపెట్టారు, గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. వాళ్ళది బ్రదరన్ సహవాసం. అదే సహవాసానికి చెందిన ఫిలిప్ హెన్రీ గాస్ అనే గొప్ప సముద్రజీవ శాస్త్రవేత్త ఇంగ్లండులో ఉండేవాడు. శిలాజాలను కళ్ళారా చూసినవాడు, వాక్యాన్ని అక్షరాలా నమ్మినవాడు. రెండిటినీ కలపాలని 1857లో ఒక పుస్తకం రాశాడు. ఆదాము తల్లికి పుట్టకపోయినా బొడ్డుతో ఉన్నట్టే, భూమి కూడా తనకు లేని గతం తాలూకు గుర్తులతోనే సృష్టించబడింది అన్నాడు. చదివిన శాస్త్రవేత్తలు నవ్వారు, విశ్వాసులు నొచ్చుకున్నారు. అతని స్నేహితుడు, ఆంగ్లికన్ పాదిరి చార్లెస్ కింగ్స్లీ, దేవుడు రాళ్ళ మీద ఒక పెద్ద అబద్ధం రాసి పెట్టాడని నేను నమ్మలేను అని ఉత్తరం రాశాడు. నాకు గాస్ అంటే గౌరవమే, ఎందుకంటే రాళ్ళు లేవని బుకాయించలేదు. కానీ ఆ దారిన పోతే చివరికి దేవుని మాట కాపాడబోయి దేవుని నిజాయితీనే పోగొట్టుకుంటాం. ఆ కింగ్స్లీయే 1859లో డార్విన్ పుస్తకం చదివి, తమంత తాము వృద్ధి పొందగల జీవులను చేసిన దేవుడు తక్కువవాడేమీ కాదని రాస్తే, డార్విన్ ఆ మాటను మరుసటి ఏడు రెండో ముద్రణలో చేర్చుకున్నాడు.

లేఖనంలో తప్పే లేదని వాదించినవాళ్ళలో ముందు వరుసలో ఉన్న ప్రిన్స్‌టన్ పండితుడు బి.బి. వార్‌ఫీల్డ్ దేవుడు పరిణామం ద్వారా పనిచేసి ఉండవచ్చని ఒప్పుకున్నాడు. ఆరు వేల ఏళ్ళ భూమి అనే వాదం సువార్తిక సంఘాల్లో ఇంత బలపడింది 1961లో విట్‌కోమ్, మోరిస్ అనే ఇద్దరు అమెరికన్లు జలప్రళయం మీద పుస్తకం రాశాకే. మోరిస్ మన కాటన్ దొరలాగే నీళ్ళ ఇంజనీరు, భూగర్భ శాస్త్రవేత్త కాడు. ఇప్పుడు యూట్యూబులో తెలుగు డబ్బింగుతో వచ్చేవి ఎక్కువగా ఆ వంశంవే. ఆర్‌సీఎం వాళ్ళకు, అంటే రోమన్ కాథలిక్కులకు, ఈ తలనొప్పి తక్కువ. 1950లో పన్నెండో పయస్ పోపు శరీరం పుట్టుక గురించి ఈ సిద్ధాంతాన్ని పరిశీలించవచ్చన్నాడు, 1996లో రెండో జాన్ పాల్ ఇది ఊహ స్థాయి దాటిందన్నాడు.

ఆరు దినాల గురించి ఇంకో రెండు మాటలు చాలు. మొదటి అధ్యాయంలో జంతువుల తర్వాత మనిషి. రెండో అధ్యాయంలో మనిషి, తర్వాత తోట, తర్వాత జంతువులు, చివర స్త్రీ. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టిన పరిశుద్ధ రచయితకు ఈ తేడా తెలియదనుకోవడం కష్టం. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నది ఆయన చెబుతున్నాడు. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ దేవతలుగా కొలిచే లోకంలో, అవి దేవుడు వేలాడదీసిన దీపాలు మాత్రమే అనడం చిన్న మాట కాదు.

"అంతా యాదృచ్ఛికం అంటారే, అందులో దేవుడెక్కడ?" అని మీ నాన్నగారు అడుగుతారు. జీవశాస్త్రంలో యాదృచ్ఛికం అంటే మార్పు ఆ జీవి అవసరాన్ని చూసి రాదని మాత్రమే, దేవుని చెయ్యి దాటిపోయిందని కాదు. "చీట్లు ఒడిలో వేయబడును వాటివలని తీర్పు యెహోవా వశము" అని సామెతల గ్రంథంలోనే ఉంది. పైగా "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అని 139వ కీర్తన చదివే నువ్వే ఎంబ్రియాలజీ రికార్డులో పిండం దశలన్నీ గీస్తావు. అండం, శుక్రకణం, కణవిభజన అంటే దేవుడు నిన్ను చెయ్యలేదని ఎప్పుడైనా అనిపించిందా? ఒక మనిషి తొమ్మిది నెలల్లో సహజ క్రమంలో తయారైతే అది దేవుని పని అయినప్పుడు, మానవజాతి లక్షల ఏళ్ళలో తయారైతే కాకుండా ఎందుకు పోవాలి?

ఇంతవరకూ దారి నునుపే. అసలు ఇబ్బంది రెండు చోట్ల ఉంది.

ఒకటి ఆదాము. నేటి మనుషుల డీఎన్ఏలోని వైవిధ్యం కొన్ని వేల ఏళ్ళ కిందటి ఒకే జంట నుంచి వచ్చేది కాదు, మన పూర్వికుల గుంపు వేలల్లో ఉండి ఉండాలి. కానీ రోమా 5లో పౌలు "ఒక మనుష్యునిద్వారా పాపము" లోకంలో ప్రవేశించింది అంటాడు, ఆ ఒక్కడికి ఎదురుగా క్రీస్తును నిలబెడతాడు. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. కొందరు విశ్వాసులు ఆదాము నిజంగా ఉన్నాడు, అప్పటికే ఉన్న మనుషుల్లోంచి దేవుడు తన స్వరూపం ఇచ్చి ఎన్నుకున్న ప్రతినిధి అంటారు. ఇంగ్లండు బోధకుడు జాన్ స్టాట్‌ది దాదాపు ఇదే ఆలోచన. ఇంకొందరు ఆదాము మనందరి కథ, ప్రతివాడూ తన ఏదెనులో చేసే పని అది అంటారు. నేను మొదటి వైపు మొగ్గుతాను, ఎందుకంటే పాపం ఎక్కడో ఒక చోట, ఒకప్పుడు మొదలైంది అనకపోతే అది మనిషి తయారీలోనే ఉందని, దేవుడే పెట్టాడని అనాల్సి వస్తుంది.

ఆదాము విషయంలో మన ఊళ్ళలో ఇంకో బాధ ఉంది, అమెరికా పుస్తకాల్లో అది కనిపించదు. మన సంఘాల్లో చాలామంది తాతలు ఊరి బయట పేటల్లో బతికినవాళ్ళు. ఒకడు ముఖం నుంచి, ఒకడు పాదాల నుంచి పుట్టాడనే మాటలు విన్నవాళ్ళు. వాళ్ళకు "దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను" అన్న వాక్యం సిద్ధాంతం కాదు, తలెత్తుకుని నడవడానికి దొరికిన హక్కు. అందరికీ తండ్రి ఒక్క ఆదామే, కరణం గారికీ మనకీ కూడా. అలాంటి మనిషితో "నువ్వు కోతి నుంచి వచ్చావు" అంటే వినపడేది జీవశాస్త్రం కాదు, పాత అవమానమే. మీ నాన్నగారి కోపంలో ఇది ఎంత భాగమో నువ్వు ఆలోచించు. నీ సబ్జెక్టు ఈ విషయంలో ఆయన పక్షానే ఉంది. మనుషులందరిదీ ఒకే జాతి, ఆఫ్రికాలో సుమారు 3 లక్షల ఏళ్ళ కిందటి శిలాజాల దాకా వెనక్కి పోయే ఒకే కుటుంబం. ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ తీసుకున్నా ఇంచుమించు 99.9 శాతం ఒకటే. కులానికి కులానికి వేరే పుట్టుక ఉందనే మాటకు ఆదికాండములోనూ చోటు లేదు, జన్యుశాస్త్రంలోనూ లేదు. దేవుని స్వరూపం అన్నది మట్టి నుంచి మనిషి ఎంత వేగంగా వచ్చాడు అన్నదాని మీద ఆధారపడదు. నేలమంటితో నిర్మించాడు అని చదివి సిగ్గుపడని వాళ్ళం, ఆ మట్టికీ మనకీ మధ్య ఇంకొన్ని జీవులు ఉంటే ఎందుకు సిగ్గుపడాలి?

రెండోది మరణం. ఇదే నాకు అన్నిటికన్నా కష్టం. శిలాజాల పొరలన్నీ చావుల పొరలే. మనిషి రాకముందు కోట్ల ఏళ్ళు జీవులు ఒకదాన్నొకటి తిన్నాయి, రోగాలతో చచ్చాయి. ఆదాము పాపం వల్లే మరణం వచ్చిందన్న వాక్యం మనుషుల మరణం గురించి, దేవునితో తెగిపోవడం గురించి అని చదవవచ్చు. 104వ కీర్తనలో సింహపు పిల్లలు దేవుని నుంచి తమ వేట అడుగుతాయి, అదేమీ శాపంలా చెప్పలేదు. సరే. అయినా ప్రశ్న పోదు. గొంగళిపురుగు బతికుండగానే దాని ఒంట్లో గుడ్లు పెట్టే కందిరీగలను మంచి దేవుడు కావాలని చేశాడని ఒప్పుకోలేనని డార్విన్ 1860లో తన స్నేహితుడు ఏసా గ్రేకు రాశాడు. గ్రే హార్వర్డులో వృక్షశాస్త్రవేత్త, భక్తిపరుడు, అమెరికాలో డార్విన్ తరపున వాదించినవాడు. అలాంటి పరాన్నజీవులను మన రైతులు ట్రైకోకార్డుల మీద కొనుక్కొచ్చి చేలో కడతారు, పురుగు గుడ్లలో అవి గుడ్లు పెడతాయని. రైతుకు వరం, పురుగుకు నరకం.

సికిల్ సెల్ ఇంకా గట్టి ఉదాహరణ. గోదావరి ఏజెన్సీ గిరిజన గ్రామాల్లో ఈ రక్తపు జబ్బు ఉంది. ఆ జన్యువు ఒక్కటే ఉంటే బిడ్డకు మలేరియా నుంచి చాలావరకు రక్షణ, ఆంథొనీ అల్లిసన్ 1954లో ఆఫ్రికాలో చూపించింది అదే. రెండు ఉంటే జీవితాంతం నొప్పులు, రక్తహీనత, సరైన వైద్యం అందకపోతే చిన్న వయసులో చావు. తల్లిదండ్రులిద్దరికీ ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. అంటే ఒక బిడ్డను కాపాడే ఏర్పాటే ఇంకో బిడ్డను చంపుతుంది. పరిణామం దీన్ని చక్కగా వివరిస్తుంది. ఆ తల్లికి మాత్రం వివరణ సరిపోదు.

అయితే పరిణామాన్ని కాదంటే ఈ బాధ తీరుతుందా? 1996 నవంబరు తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పుడు సంఘాల్లో ఎవరూ డార్విన్ పేరెత్తలేదు, ప్రశ్న మాత్రం ఇదే. యోబు అడిగింది కూడా ఇదే, ఆయనకు దొరికిన జవాబులో కారణాలు లేవు, మొసలీ అడవి గాడిదా ఉన్నాయి. నాకు దొరికినంత వరకు పట్టుకొమ్మ రోమా 8లో ఉంది. సృష్టి యావత్తు మూలుగుతూ ప్రసవవేదన పడుతోంది అంటాడు పౌలు. అంటే ఇంకా పూర్తికాని సృష్టి. ఆ వేదన బయట నిలబడి చూసే దేవుడైతే నేను ఎప్పుడో వదిలేసేవాణ్ణి. సిలువ మీద దాని లోపలికి వచ్చినవాడు కాబట్టి ఉన్నాను. ఇది రుజువు కాదు, రుజువని నీకు అమ్మను.

మీ సారు మాటకు వస్తే, పరిణామం దేవుడు లేడని నిరూపించింది అనడం సైన్సు కాదు, ఆయన సొంత అభిప్రాయం. ఉండనీ, నాస్తికుడిగా ఉండే హక్కు ఆయనకుంది. కాకినాడ పి.ఆర్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా గారు నాస్తికత్వం వల్ల 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆయన పోరాటమంతా అంటరానితనం మీద, మూఢనమ్మకాల మీద. ఆ పోరాటం చూసి మన సంఘాలు సిగ్గుపడాల్సినవి ఉన్నాయి కూడా. కానీ "పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదు" అని మీ సారు బోర్డు మీద రాసి ఉంటారు కదా, ఆ మాట థియొడోసియస్ డోబ్‌జాన్‌స్కీది, 1973 నాటిది. ఆయన ఆర్థడాక్స్ క్రైస్తవుడు. అదే వ్యాసంలో నేను సృష్టిని నమ్ముతాను, పరిణామాన్నీ నమ్ముతాను అని రాశాడు. 2003లో పూర్తయిన మానవ జీనోమ్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ నాస్తికుడిగా ఉండి, తర్వాత క్రైస్తవుడైనవాడు. ఈ ఇద్దరి పేర్లు చెబితే విశ్వాసం నిజమని తేలదు. రెండూ నమ్మేవాళ్ళు తమను తాము మోసం చేసుకుంటున్నారనే మాట మాత్రం అంత తేలిగ్గా నిలబడదు.

పరీక్షలో అడిగింది అడిగినట్టు రాయి. ఆధారాలు, హార్డీ వీన్‌బర్గ్ లెక్కలు, అన్నీ. "నేను నమ్మను కానీ" అని చివర చేర్చకు, పేపరు దిద్దేవాళ్ళకు నీ సాక్ష్యం అక్కర్లేదు. ఇంట్లో ఈ చర్చ భోజనాల దగ్గర మొదలుపెట్టకు, కోతి దగ్గర అసలే మొదలుపెట్టకు. మీ నాన్నగారి దగ్గర వ్యాఖ్యాన నోట్లతో వచ్చే స్కోఫీల్డ్ బైబిలు ఉంటే ఆదికాండము మొదటి అధ్యాయం నోట్లు ఆయన చేతే చదివించు. 1909లో వచ్చిన ఆ బైబిలు మొదటి వచనానికీ రెండో వచనానికీ మధ్య లెక్కలేనంత కాలం ఉందని, శిలాజాలను ఆ కాలంలోకి నెట్టవచ్చని చెబుతుంది. లూసిఫరు పతనం అక్కడే జరిగిందని మన కూటాల్లో ఇప్పటికీ ప్రసంగిస్తారు. ఆ వ్యాఖ్యానం సరైనదని నేను అనను, పరిణామాన్ని అదీ ఒప్పుకోదు. కానీ భూమి పాతదంటే బైబిలు కూలిపోదని ఆయన తరం గురువులే అనుకున్నారని ఆయనకు తెలుస్తుంది. వయసు గురించి గొడవ తగ్గాక ఆదాము గురించి మాట్లాడుకోవచ్చు, దానికి ఒక ఏడాది పట్టినా తొందరేం లేదు.